దూత లేని వలపు

మొన్నటి శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల చూచి, విద్యుద్దీపములతో మెఱయు ప్రభల నడుమనుండి యెట్లో దారిచేసికొని నరసరావుపేట చేరి, మాకు చిరకాలమిత్రుడగు నొక గృహస్థుని యింట నా రాత్రి బసచేసితిమి. ఆతడు మిరపకాయల వ్యాపారము చేయువాడు; చదువుకొన్నవాడు; స్త్రీవిద్యను గూర్చిగాని కులభేదములను గూర్చిగాని మాతో నెన్నడును పెడవాదమునకు దిగినవాడు కాడు. ఆతని కుమార్తె యిరువదియొకటవ యేట నున్నది, గుంటూరులో చదువుచున్నది. భోజనములైన పిదప నాతడు మమ్ము వసారాలోనికి బిలిచి, చొక్కా జేబులోనుండి యొక సెల్‌ఫోను దీసి బల్లపై నుంచెను. అది కుమార్తెది. ఆమె యొక యువకునితో నెలల తరబడి మాటలాడుచున్నదని తెలిసి దానిని దీసికొనెనట. తీసికొన్నను ఫలము లేదు. అది తెఱచుకొనుటకు వలసిన గుప్తపదమును పిల్ల చెప్పకున్నది. “అన్నగారూ, అమ్మాయికి మీయెడ గౌరవము గలదు. మీరడిగినచో చెప్పును. తప్పేమియు లేనప్పుడు దాచవలసిన పనియేమి?” అని యాతడు మమ్మడిగెను.

ఆ రాత్రి మేము చెప్పిన మాటలు మిత్రునికి తృప్తి గలిగింపలేదు. నిజము చెప్పవలసినచో మాకును గలిగింపలేదు. బాల్యవివాహము, వరకట్నము, వితంతువుల పునర్వివాహము మున్నగు విషయములలో నేది న్యాయమో చెప్పుటకు మన మలవాటుపడితిమి. అఱచేతిలో నిముడు నీ గాజుపలక యొక క్రొత్త చిక్కును దెచ్చిపెట్టినది. ఒకరిని ప్రేమించువారికి ఆ యొకరిని గూర్చి సమస్తమును దెలిసికొను హక్కు గలదా? తండ్రి కుమార్తెను గూర్చి యడిగినను, భర్త భార్యను గూర్చి యడిగినను, ప్రియుడు ప్రియురాలిని గూర్చి యడిగినను ప్రశ్న యదియే. దీనిని తీఱికగా విచారింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన వాఙ్మయమున వలపునకు దూత తప్పనిసరి. దమయంతి మనసున నలుని నాటినది హంస. ఆ కథను మన శ్రీనాథుడు శృంగారనైషధముగా దెనిగించెను. కాళిదాసుని యక్షుడు మేఘమును బంపెను. రుక్మిణి యొక బ్రాహ్మణుని బంపెను. పల్నాటికి సంబంధించిన దూత మఱియొకటి గలదు. 1895లో వినుకొండలో జన్మించిన జాషువ తన గబ్బిలమున, గుడిలోనికి ప్రవేశము లేని యొక పేదవానిచేత, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలమును పరమశివునికడకు బంపించెను. అది శృంగారసందేశము కాదు. ఆకలిని, అంటరానితనమును గూర్చిన మొఱ. అయినను, తాను పోలేని చోటికి పోగలదానిని వెదకుకొనుట యను నక్కఱ యక్షునికిని, ఆ పేదవానికిని ఒక్కటియే.

ఈ దూతలు చేసిన పనిలో వార్త చేరవేయుట స్వల్పభాగము. అశోకవనమున హనుమంతుని జూచినప్పుడు సీత వెంటనే నమ్మలేదు. రావణుడే మాయారూపమున వచ్చెనేమో యని శంకించెను. సన్న్యాసివేషమును నమ్మి యొకమాఱు మోసపోయిన దామె. రాముని గుఱుతులు చెప్పించుకొని, ఉంగరము చేతికి వచ్చిన పిదపగాని యామె మనసు కుదుటబడలేదు. రుక్మిణి పంపిన బ్రాహ్మణుడును కృష్ణుని కన్నులార జూచి, మాటలాడి వచ్చి చెప్పెను. కావున దూత సాక్షికూడ. అవతలివాడున్నాడనియు, తాను చెప్పుకొన్నట్టివాడే యనియు పూచీపడువాడు. ఆ పూచీ కొఱకు ప్రేమికులు తమ రహస్యములో నొకనికి పాలు పంచియిచ్చిరి. ఈనాడు తంత్రులు కూడ లేని తరంగములపై మాటలు పోవుచుండగా ఆ మూడవవాడు తొలగిపోయినాడు. ఆతనితోపాటు రహస్యము బయటపడునను భయము తొలగినది, పూచీయు తొలగినది. మా మిత్రుని బల్లపైనున్న ఫోనులోని చిక్కంతయు నిక్కడనే యున్నదని మాకు దోచుచున్నది.

కాని యీ సాధనమువలన కలిగిన మేలును మొదట చెప్పకుండుట కృతఘ్నత యగును. పల్నాటి వీరుల కథలో బాలచంద్రుని యిల్లాలు మాంచాల పెనిమిటి రాకకై బహుకాలము వేచియుండెను. ఆతడు వేఱొకతె యింట నుండెను. తుదకు యుద్ధమునకు బోవుచు గడప త్రొక్కినవానికి ఆమె ఖడ్గ మందిచ్చి పంపెను. కారెంపూడిలో వీరుల గుడియొద్ద కార్తికమాసమున జరుగు నుత్సవములో నీ కథ వినువారు ఆమె ధైర్యమును మెచ్చుకొందురు. మాకు మాత్రము ఆ ధైర్యముకంటె, దానికి ముందు గడచిన మౌనమే మనసున మెదలుచుండును. మిరపకోతల కాలమున కర్నూలు జిల్లానుండి మన పల్నాటి చేలకు కుటుంబములు వలసవచ్చుచుండును. పొలము గట్టున గుడారము ముందు, పొయ్యిమీద సంకటి యుడుకుచుండగా, ఊరిలో ముసలివారివద్ద నాగిపోయిన భర్తతో ఫోనున మాటలాడుచు నవ్వుచున్న యొక యిల్లాలిని గురజాలకు బోవు దారిలో మేము చూచితిమి. ఆ నవ్వును జూచినవారెవరును ఈ సాధనమును పాడుసాధనమని యనజాలరు. పెండ్లియై మూడుదినములకే భార్యను విడిచి దూరదేశములకు బోవు యువకుల సంగతియు నిట్టిదే. వారి కాపురములు కొంతకాలమైనను ఈ తెఱపైననే నడచుచున్నవి.

ఇక పిల్లల చేతిలో ఫోనును గూర్చిన భయము. ఈ భయమును మేము మఱియొక రూపమున చదివియున్నాము. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టి, వివేకవర్ధనిని నడపుట కారంభించిన కాలమున, ఆడుపిల్లలకు అక్షరములు వచ్చినచో పరపురుషులకు జాబులు వ్రాయుదురను నాక్షేపణ దేశమంతట వినబడుచుండెను. చదువువలన చెడుదురని కాదు వారి బాధ. చదువువలన పెద్దల చేయి దాటి మాట బయటికి పోవునని. ఆ భయము పూర్తిగా నిరాధారమైనదియు గాదు. అక్షరము నేర్చినవారిలో కొందఱు ప్రేమలేఖలు వ్రాసియే యుందురు. అందుచేత బడులు మూయవలెనని పంతులుగారు తలపలేదు. ఆ లేఖలు వ్రాసిన చేతులే తరువాతి కాలమున దరఖాస్తులు వ్రాసినవి, వీలునామాలు చదివినవి, పత్రికలు నడపినవి. నేడు “ఆడపిల్లకు ఫోనెందుకు?” అను ప్రశ్న విన్నప్పుడెల్ల మాకు ఆ పాత యాక్షేపణయే క్రొత్తబట్టలు కట్టుకొని వచ్చినట్లుండును.

మన దేశమున తొలి సెల్‌ఫోను పిలుపు 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి ఢిల్లీకి పోయినది. 2013 జూలైలో తంతి కార్యాలయములు శాశ్వతముగా మూతపడినవి. 2016 సెప్టెంబరులో నొక క్రొత్త సంస్థ రంగమున బ్రవేశించి అంతర్జాలపు వెలను అడుగునకు దింపిన పిదప, పట్టణములలోని మాట పల్లెలకు పాకినది. అంతవఱకు పల్నాటి యూళ్లలో ఫోననగా అంగడిలోని యెస్.టి.డి. పెట్టె, లేదా పొరుగింటివారి వసారాలోని నల్లని యంత్రము. “మీ అల్లుడు ఫోను చేసినాడు, రమ్మనుడు” అని గోడమీదుగా కేకవేసిన, పిల్ల పరుగెత్తుకొని పోయి, పదిమంది వినుచుండగా “ఆ, ఊఁ” అని రెండక్షరములు పలికి తిరిగివచ్చెడిది. ఆ రెండక్షరములలో నెంత సంసారము నడచినదో దైవమునకెఱుక.

అయినను, అందఱి చేతికి వచ్చినదన్నమాట యింకను నిజము కాదు. 2019-20 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో తమకై తాము వాడుకొను ఫోను గలవారు ఇంచుమించు సగము మంది. అంతర్జాలమును ఒక్కమాఱైన వాడినవారు స్త్రీలలో నూటికి 21 మంది, పురుషులలో నూటికి 49 మంది. ఆ సర్వేలోనే మఱియొక లెక్క గలదు: ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్లలోపు స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు. 1929లో శారదా శాసనము పుట్టినది మొదలు తొంబదేండ్లు గడచినను మన స్థితి యిది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన, ఫోనువలన పిల్లలు చెడిపోవుచున్నారని వగచుటకు ముందు, ఫోను లేకుండ పెద్దలు చేసిన పెండ్లిండ్లలో నెంతమంది పిల్లల బ్రతుకు చెడినదో యొకపరి లెక్కించుకొనుట న్యాయము.

మఱియొక సంగతి. మన యిండ్లలో తనకని యొక గది యెవరికి గలదు? మగపిల్లవానికి అరుగు గలదు, రచ్చబండ గలదు, టీదుకాణము గలదు, పొలము గట్టు గలదు. ఆడుపిల్లకు వంటయిల్లు గలదు, అది తల్లిది. పెట్టె గలదు, దాని తాళపుచెవి నాయనమ్మ మొలనుండును. ఇట్టి యింట బుట్టిన పిల్లకు జీవితములో తొలిసారి తలుపు వేసికొనుటకు వీలైన గది యా చిన్న తెఱయే. ఆ గదిలో నామె స్నేహితురాండ్రతో నవ్వుకొనును. పరీక్షలో తప్పినందుకు ఏడ్చుకొనును. చదువరుల కిష్టమున్నను లేకున్నను, ఒక యువకుని మాటలు మరల మరల చదువుకొనును. “తప్పు లేనప్పుడు దాచనేల?” అని మిత్రుడడిగిన ప్రశ్నకు మా మొదటి సమాధానమిది: స్నానము చేయునప్పుడు తలుపు వేసికొనుట తప్పు చేయుటకు గాదు. దాచుట వేఱు, వంచించుట వేఱు. 2017 ఆగస్టు 24వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా గోప్యత మనుష్యుని మూలహక్కులలో నొకటియని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ప్రభుత్వమును ఉద్దేశించినదని మేమెఱుగుదుము. తండ్రిపైన పిల్ల దావా వేయవలెనని మా భావము కాదు. ప్రభుత్వము చేసినచో దోషమని మన మనుకొను పనినే యింటిలో వాత్సల్యమను పేర చేయుచున్నామా యని మాత్రము అడుగుచున్నాము.

పెద్దలు పిల్లలపై కన్ను వేయుట పాతదే. క్రొత్తదేమనగా, ప్రేమించినవారే యొకరిపై నొకరు కన్ను వేయుట. దానిని ప్రేమకు నిదర్శనముగా నెంచుట. మాచర్లలో మేమెఱిగిన దంపతులొకరు గలరు. భర్త హైదరాబాదున కంప్యూటరు కొలువు చేయును. భార్య మాచర్లలో నుపాధ్యాయురాలు. ఇద్దఱు నిష్టపడి పెండ్లి చేసికొన్నవారు. వాట్సాపులో పంపిన మాట చదువబడినంతనే దానిప్రక్కనున్న రెండు గీతలు నీలమగునను సంగతి యీ కాలపు చదువరులకు చెప్పనక్కఱలేదు. 2014 నవంబరునుండి ఈ యేర్పాటున్నది. అంతకుముందు జాబు వ్రాసినవాడు, అందినదో లేదో, చదివెనో లేదో, చదివి కోపగించెనో లేదో యని సందేహించుచు, ఆ సందేహమునే యాశగా మార్చుకొని పదిదినములు బ్రతుకగలిగెడివాడు. ఇప్పుడు సందేహమునకు చోటు లేదు. గీతలు నీలమైనవి, ఉత్తరము రాలేదు. ఆమె పాఠము చెప్పుచు మధ్యలో నొకమాఱు తెఱ చూచి, గంట కొట్టుటచే మఱియొక తరగతికి బోయినది. భర్త హైదరాబాదున కూర్చుండి, చదివియు బదులియ్యలేదని లోలోన ఉడుకుచున్నాడు. కొన్ని దినములకు ఆమె ఏ ఘడియవఱకు మేల్కొనియున్నదో చూపు గుఱుతు మీదికి ఆతని దృష్టి పోయినది. ఆ తరువాత, ఆమె యెక్కడనున్నదో పటముపై చుక్కగా జూపు నేర్పాటు గావలెనని యడిగెను. ఆమె ప్రేమతోనే యొప్పుకొన్నది.

ఒకనాడామె గుంటూరునకు రైలులో బోవుచుండగా నడికుడి దాటిన పిదప ఫోనులో విద్యుత్తు అయిపోయినది. చుక్క నిలిచిపోయినది. గుంటూరు చేరి, బంధువులయింట ఫోనుకు విద్యుత్తు పెట్టుకొనునప్పటికి ఆతడు ఆమె పాఠశాలకును, పుట్టినింటికిని, స్నేహితురాండ్రకును వరుసగా ఫోను చేసియుండెను. పదునైదుమంది యామె యేమైనదని విచారించుచున్నారు. ఆమె కోపగించుకొనలేదట. “ఏమండీ, మీకు నేను కావలెనా, ఆ పటములోని చుక్క కావలెనా?” అని మాత్ర మడిగినదట. ఆతడే యీ మాటను మాకు చెప్పినాడు. చెప్పునప్పుడు నవ్వినాడు గాని ఆ నవ్వు సుఖముగా లేదు.

ఆ యువకుడు దుష్టుడు గాడు. భార్య క్షేమమును గోరి మొదలుపెట్టిన పనియే యది. అయినచో తప్పెక్కడ జరిగినది? కన్నార్పక చూచుచున్నంతసేపు నమ్మకముతో పనిలేదు. దీపము క్రింద పైకము లెక్కించుకొనువాడు ఎదుటివానిని నమ్మవలసిన యవసరమేమున్నది? చీకటిలో, లెక్కింపక తీసికొన్నప్పుడు గదా నమ్మినట్లగుట. ఆ భర్త, భార్యపై తనకు గల నమ్మకమును పెంచుకొనుటకని చూపును పెంచుకొనుచు పోయినాడు; చూపు పెరిగినకొలది నమ్మకము చేయు పని తగ్గిపోయి, వాడని యవయవము వలె చచ్చుపడినది. చూపు నిలిచిపోయిన మూడు గంటలలో నాతనిని నిలబెట్టుటకు లోపల నేమియు మిగిలియుండలేదు.

దంపతుల నడుమ దాపరికమేమి, ఇద్దఱిదియు నొక్కటే ప్రాణము గదా యని కొంద ఱందురు. సప్తపది త్రొక్కినవారి స్నేహము గొప్పదే. స్నేహితుని పెట్టె నతడు నిద్రించుచుండగా తెఱచువాడు మాత్రము స్నేహితుడు గాడు. ఈ విషయమున 2025 జూలై 14వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పొకటి మిక్కిలి విచారింపదగినది. విడాకుల వ్యాజ్యమొకదానిలో, భార్య యెఱుగకుండ భర్త ముద్రించుకొన్న ఫోను సంభాషణలను సాక్ష్యముగా గైకొనవచ్చునా యనునది ప్రశ్న. గైకొనవచ్చునని న్యాయస్థానము నిర్ణయించినది. ఇట్లయినచో దంపతులు ఒకరిపై నొకరు గూఢచర్యము చేయుదురను నాక్షేపణకు సమాధానముగా, భార్యాభర్తలు ఒకరిపై నొకరు కన్నువేయు స్థితికి వచ్చినచో ఆ కాపురము అప్పటికే విఱిగినదనుటకు అదియే గుఱుతనియు న్యాయమూర్తు లభిప్రాయపడిరి. తీర్పులోని మొదటి భాగమును గూర్చి న్యాయవాదులు వాదించుకొందురుగాక. రెండవ భాగము మాకు సగమే నిజమని తోచుచున్నది. విఱిగిన కాపురములోనే కన్ను వేయుదురనుట సరిగాదు. మాచర్ల దంపతుల కాపురము విఱుగలేదు. కన్ను వేయుటచేతనే బీటలు వాఱుచుండెను.

2013లో జరిగిన శాసనసవరణలో, ఒక స్త్రీ యంతర్జాలమున చేయు వ్యవహారములపై ఏ పురుషుడైనను నిఘా వేయుట నేరముగా నెంచబడినది. ఇప్పటి భారతీయ న్యాయసంహితలోను ఆ నిబంధన 78వ సెక్షనున నిలిచియున్నది. దానిని వ్రాసినవారి మనసున వీధిలో వెంటబడు పోకిరి యున్నాడేగాని, పక్కగదిలోని పెనిమిటి యుండియుండడు. మేము న్యాయశాస్త్రజ్ఞులము గాము. ఒక పనిని పరాయివాడు చేసిన నేరమనియు, తనవాడు చేసిన ప్రేమయనియు అనుకొనుటలోని వింతను మాత్రము చదువరుల దృష్టికి దెచ్చుచున్నాము.

ఇంతవఱకు చెప్పినదంతయు మా మిత్రుని పక్షమున కెదురుగా నున్నది. ఆతని భయము వట్టి యజ్ఞానమని త్రోసివేయుట మాత్రము మా వలన గాదు. దూత తొలగిన వలపులో పూచీ లేదని ముందే చెప్పితిమి. పేరు మార్చుకొని, బొమ్మ మార్చుకొని, ఉద్యోగము కల్పించుకొని, దొంగఖాతాలనుండి మాటలాడువారు గలరు; సన్న్యాసివేషము వేయుట కీనాడు కాషాయము గూడ నక్కఱలేదు. ప్రేమలో నమ్మి పంపిన చిత్రములను చేతబెట్టుకొని, ధన మిమ్మని, లొంగుమని, లేకున్న నలుగురికి పంపెదమని బెదరించు నీచులు గలరు. దీనికి శాసనములున్నవి, శిక్షలున్నవి. పిల్ల తల వంచుకొని ఠాణా మెట్లెక్కునప్పటికే జరుగవలసిన కీడు జరిగియుండును. ఆడుపిల్ల తండ్రియైనవాడు రాత్రి నిదురలో దీనిని తలచుకొని లేచి కూర్చుండిన, ఆతనిని ఛాందసుడని మేమనము.

అయితే ఆ బెదరింపునకు బలమెక్కడనుండి వచ్చుచున్నది? “మీ నాన్నకు పంపెదను” అనుటలో నున్నది దాని బలమంతయు. తండ్రికి తెలిసిన చదువు మాన్పించును, ఫోను గుంజుకొనును, మూడు వారములలో నెవనికో కట్టబెట్టును. ఇది పిల్ల యెఱుగును; ఆ దుర్మార్గుడును ఎఱుగును. కావున వాని చేతిలోని యాయుధమునకు పదునుపెట్టుచున్నది తండ్రి కోపమే. ఇంటిలో చెప్పుకొనదగిన యొక చెవి యున్న పిల్లను బెదరించుట కష్టము. పూర్వము చెలికత్తె, మేనత్త, పెద్దమ్మ వంటివారు ఆ చెవులై యుండిరి. వారే దూతలు, వారే సాక్షులు. ఫోనువచ్చి వారిని తొలగించెనని మనము నిందించుచున్నాము. వారిలో సగముమందిని తొలగించినది ఫోను గాదు. చెప్పిన దండన తప్పదను నియమము.

పెండ్లిసంబంధములు కుదుర్చు యంత్రములను గూర్చి రెండు మాటలు. పూర్వము పెండ్లిండ్ల పేరయ్యలు వధువు వయసు రెండేండ్లు తగ్గించియు, వరుని జీతము రెండింతలు చేసియు ఇరుపక్షముల వారికి సమానముగా అబద్ధములాడి పుణ్యము గట్టుకొనుచుండిరి. 1990ల చివరినుండి ఆ పని అంతర్జాలపు వేదికల చేతికి వచ్చినది. పేరయ్య నోటితో చెప్పుటకు మొగమోటపడిన ప్రశ్నలను ఈ యంత్రము మొదటి పుటలోనే యడుగును: కులమేది, శాఖయేది, గోత్రమేది, చర్మమేవన్నె. ఏడు సముద్రములకావలనున్న యువకుడు కూడ ఒక్క మీట నొక్కి తన శాఖకు చెందని కోట్లమందిని కంటికి గనబడకుండ తొలగించుకొనగలడు. 2011-12 నాటి మానవాభివృద్ధి సర్వేలో మన దేశమున కులాంతరవివాహములు నూటికి ఇంచుమించు ఐదు మాత్రమే యని తేలినది. జాషువ తల్లిదండ్రులు వేర్వేఱు కులములవారు. వారు ఒకరినొకరు చూచుకొన్న కాలమున, వారిని తొలగించు మీట లేకపోవుట తెలుగు కవిత్వముయొక్క యదృష్టము.

ఒకరి కంటికొకరు గనబడుటకు ఫోను నిజముగా దారియిచ్చినచోట, కులము తన పాతరూపమునే చూపుచున్నది. పల్నాటికి కృష్ణానది కావలియొడ్డున, మన దాచేపల్లికి కొలది దూరముననే యున్న మిర్యాలగూడలో, 2018 సెప్టెంబరు 14వ తేదీన, వేఱుకులపు కన్యను వివాహమాడిన యొక దళిత యువకుని, గర్భవతియగు భార్య కన్నులయెదుటనే, ఆసుపత్రి వాకిట నఱికి చంపిరి. చంపుటకు మనుష్యులను గుదిర్చినవాడు ఆమె తండ్రియే. ఆ యువదంపతులు తమ పెండ్లిసంబరపు దృశ్యములను అంతర్జాలమున అందఱికిని జూపినారనియు, అది తండ్రి క్రోధమునకు ఆజ్యము పోసినదనియు నాటి పత్రికలు వ్రాసినవి. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము శిక్షలు విధించినది. తమ సంతోషమును నలుగురికి జూపుకొనుట తప్పా? ఏ దంపతులైనను చేయుపనియే యది. ఆ తండ్రి కుమార్తెను ద్వేషించినవాడు గాడని కూడ అప్పుడు పలువురనిరి, మిక్కిలి ప్రేమించెననిరి. ఆ మాటయే మమ్ము నేటికిని వెంటాడుచున్నది. ప్రేమించినవారిని గూర్చి సమస్తమును దెలిసికొను హక్కు, వారిని గూర్చి సమస్తమును నిర్ణయించు హక్కుగా ఎప్పుడు మారునో, ఆ గడప యెక్కడనున్నదో, దాటువానికి కనబడదు.

మా మిత్రుడు అట్టివాడని కలలోనైనను మేమనుకొనము. ఆతడు కుమార్తెపై చేయియైన జేసికొనలేదు. ఫోను తీసి జేబులో వేసికొనెను, అంతే. అయినను ఆ రాత్రి మేమాతనితో, “గుప్తపదము మేమడుగము. ఆమె చెప్పినచో నీవు నెలల తరబడి నడచిన మాటలన్నియు చదువుదువు. అందులో తప్పు గనబడకున్నను, చదివితివను సంగతి యామె మఱచునా? తప్పు గనబడెనా, అది వారిద్దఱు తమలోతాము తీర్చుకొని ముగించిన తప్పైనను నీవు మరల తవ్వుదువు. ఆ యువకుని నింటికి రమ్మని కబురంపు. నీవు మిరపబస్తా కొనునప్పుడు చేయి పెట్టి చూచెదవు గాని, పంపినవాని యుత్తరములు చదివి కొనవు గదా” యని చెప్పితిమి. ఆతడు నవ్వలేదు. “బస్తా చెడిన నష్టమింతయని తెలియును” అని లోనికి బోయెను. దానికి మావద్ద బదులు లేకపోయినది.

తెల్లవాఱిన పిదప ఆ పిల్ల కాఫీ తెచ్చినప్పుడు, మేము గుప్తపదమును గూర్చి యెత్తక, ఆ యువకుని సంగతి యింటిలో మఱెవరికైన దెలియునా యని మాత్ర మడిగితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. “అమ్మకు చెప్పవలెననుకొంటిని, పెదనాన్నగారూ. చెప్పినచో ఫోను పోవునని భయపడి చెప్పలేదు. చెప్పకున్నను పోయినది” అనెను. ఆ యింటి యిల్లాలు వాకిటి ప్రక్కనే నిలుచుండి వినుచున్నదని మే మప్పు డెఱుగము.

మాచర్ల బస్సునకు వేళయైనది. మేము సంచి తీసికొని లేచునప్పటికి ఫోనింకను బల్లపైననే యున్నది; దానిని ఎవరును ముట్టలేదు. మిత్రుడు వీధివాకిట చెప్పులు తొడుగుకొనుచు మాకై వేచియున్నాడు. లోపల, తల్లి కుమార్తె ప్రక్కన చాపపై గూర్చుండి, మెల్లని స్వరముతో, ఆ అబ్బాయిది ఏ యూరని యడుగుచున్నది.